ముగింపు అడక్కూడదు

రొట్టెల దుకాణం గోడకి వేలాడదీసిన అట్ట మీది నియమాలన్నీ నేను రాసినవే. కింద పేరు పెట్టలేదు. ఊళ్లో సగం మందికి అక్షరాలు దిద్దించినదాన్ని, నా రాత ఎవరు గుర్తుపట్టరు? పొద్దున అట్ట వేలాడదీశానో లేదో, మధ్యాహ్నానికల్లా తిట్లు నా గుమ్మం దాకా వచ్చేశాయి.

ఒక మనిషికి ఒకటే ప్రశ్న. ప్రశ్నకి ముందు ఉపన్యాసం వద్దు. ‘నా జీవితమే ఓ పెద్ద సీరియల్, రాసుకోండి’ అని ఎవరూ అనకూడదు. నటుల ఫోన్ నంబర్లు అడక్కూడదు. చచ్చిపోయిన పాత్రల గురించి రచయితని నిలదీయకూడదు, బతికించమని బతిమాలకూడదు. ఆయన కుర్చీ ఊగడం ఆగిపోతే ఆ ప్రశ్న అయిపోయినట్టే. అన్నిటికంటే కింద, ఎర్ర సిరాతో, పెద్ద అక్షరాలతో రాశాను: ముగింపు ఎవరూ అడక్కూడదు.

మొదట వచ్చింది ఎదురింటి దొన్యా పూరా. ఎనభై ఒక్కేళ్లు. చేతిలో విసనకర్ర, నోట్లో నిప్పులు.

“ఏమే ఎర్మెలీనా, ఆ మూడో నియమం నాకోసమే రాశావు కదూ?”

“అవును దొన్యా పూరా.”

“సిగ్గులేకుండా అవునంటున్నావా!”

“ఆయన కనిపించగానే మీరు మీ ముగ్గురు మొగుళ్ల కథ మొదలెడతారని తెలిసే రాశాను.”

“ముగ్గురు కాదే, ఇద్దరున్నర. మధ్యవాడు సగం రోజులు ఇంట్లో ఉంటేగా!” అని కుర్చీలో కూలబడింది. “అసలా మనిషికి ఇరవై ఒక్క క్రిస్మస్‌లు వరసగా ఉత్తరం రాసి రప్పించింది ఎవరు? నేను. ఇప్పుడు నా నోటికి తాళం వేసేది ఎవరు? నువ్వు. బాగుందమ్మా సెన్యో, బాగుంది.”

సెన్యో అంటే మా వైపు బడిపంతులమ్మ. కోపం వస్తే ఈవిడ నన్ను అలాగే పిలుస్తుంది.

ఆవిడ చెప్పింది నిజమే. ‘ఆరో రేవు’ అనే టీవీ సీరియల్ రాసిన దొన్ బెలిసారియో గురువారం మూడింటి పడవలో వస్తానని, ఆరింటి పడవలో వెళ్లిపోతానని ఈవిడకే జవాబు రాశాడు. ఆ ఉత్తరం వచ్చిన రోజు నుంచి మా ఊరు సాంతా రూఫీనా నేల మీద లేదు. మామూలు రోజుల్లోనే మా ఊరు సగం నిద్రలో ఉంటుంది. మగ్దలేనా నది ఇక్కడ ఎంత నెమ్మదిగా పారుతుందంటే, ఎండవేళ గట్టున కూర్చుని చూస్తుంటే నీళ్లు ఆగిపోయి ఊరే మెల్లగా జరిగిపోతున్నట్టు ఉంటుంది. చెట్ల మీద ఉడుములు కూడా కదలవు. ఐదింటికి గానీ ఎవరికీ మెలకువ రాదు. అప్పుడు ఇంటింటి గుమ్మం ముందుకీ ఊగుడు కుర్చీలు వస్తాయి, అప్పుడు మాటలు మొదలవుతాయి.

ఆ మాటలకి పద్ధతి ఉంది. మా ఊళ్లో అతిథిని నిలబెట్టి ప్రశ్నలడగరు. కుర్చీలో కూర్చోబెట్టి, కొరోసో పళ్ల రసం చేతికిచ్చి, కుర్చీ ఊగడం మొదలయ్యాక అడుగుతారు. ఊగుతున్నంతసేపూ అడగొచ్చు. ఆగిందంటే ఆ మాట ఆయనకి ఇష్టం లేదని అర్థం, ఇక ఎండల గురించి మాట్లాడాలి. అలాగే వినడం ఇష్టం లేని మాట మన చెవిన పడబోతుంటే లేచి వెళ్లిపోవడం మర్యాద కాదు. కుర్చీ నదివైపు తిప్పుకోవాలి. నదివైపు తిరిగినవాళ్లు ఏమీ విననట్టే లెక్క. ఎన్ని పెళ్లిళ్లు, ఎన్ని అన్నదమ్ముల గొడవలు ఈ ఒక్క పద్ధతి వల్ల నిలబడ్డాయో నాకు తెలుసు.

ఇప్పుడు నిజం చెప్పేస్తాను. ఆ ఎర్ర సిరా ఊరి మర్యాద కోసం కాదు. నాకోసం. ‘ఆరో రేవు’ ఎలా ముగిసిందో నా చెవిన పడకూడదు. పడితే, ఇరవై ఒక్కేళ్ల క్రితం నేను చేసింది తప్పో ఒప్పో తేలిపోతుంది.

అప్పుడు నాకు ముప్ఫై మూడు. నికానోర్ పడవ నడిపేవాడు. ఎండకి కమిలిన మెడ, మాట తక్కువ, నవ్వు మాత్రం తొందరగా వచ్చేది. నన్ను పెళ్లి చేసుకోమని మూడుసార్లు అడిగాడు. నది దిగువన మగాంగేలో కొత్త లాంచీ మీద పని దొరికింది, ఇద్దరం వెళ్లిపోదాం అన్నాడు. నాకు ఇష్టమే. కానీ ఈ ఊరు దాటి ఒక్క రాత్రి కూడా ఎక్కడా పడుకోలేదు. అవునూ అనలేను, కాదూ అనలేను. ఆ రోజుల్లో ఊరు ఊరంతా ‘ఆరో రేవు’ చూసేది. అందులో ఇదాలియా అనే పిల్లని హసింతో అనే పడవవాడు తనతో రమ్మంటాడు. నూట అరవై భాగాలుగా ఆ పిల్ల గట్టు మీదే నిలబడి ఆలోచిస్తోంది. నేను నవ్వులాటకి అన్నట్టు అన్నాను, “ఆఖరి భాగంలో ఇదాలియా ఏం చేస్తే నేనూ అదే చేస్తాను. ఆవిడ పడవెక్కితే నేనూ ఎక్కుతా.”

“ఒట్టు?” అన్నాడు నికానోర్.

“ఒట్టు.”

ఆఖరి భాగం వచ్చిన సాయంత్రం దొన్యా పూరా పెరట్లో టీవీ కిటికీలో పెట్టారు. వంద మంది దాకా ఉన్నాం. నికానోర్ నా కుర్చీ వెనక నిలబడ్డాడు. తెర మీద పడవ వచ్చింది. హసింతో గట్టుకి బల్ల వేశాడు. ఇదాలియా ఆకుపచ్చ గౌను కొంచెం పైకెత్తి పట్టుకుని బల్ల మీద ఒక కాలు పెట్టింది. అంతే. కటిక చీకటి. ఊరంతటికీ కరెంటు పోయింది.

వంద గొంతులు ఒక్కసారే కరెంటు వాళ్ల అమ్మానాన్నల్ని ఎత్తి తిట్టాయి. ఆ గోలలో నికానోర్ వంగి నా చెవి దగ్గర అడిగాడు, “ఇప్పుడేం చేద్దాం?”

“తెలియలేదుగా,” అన్నాను.

కరెంటు మూడు గంటల తర్వాత వచ్చింది. తెల్లారి అతని పడవ వెళ్లిపోయింది. నేను రేవుకి వెళ్లలేదు.

ఆ తర్వాత వారం రోజులు ఊళ్లో కొట్లాటలే. ఇదాలియా ఎక్కిందని దొన్యా పూరా, ఎక్కలేదని రొట్టెలవాడు. బావామరదుల మధ్య మాటలు పోయాయి. ఒక నిశ్చితార్థం ఆగింది. చివరికి ఆదివారం ప్రార్థనలో పాద్రీగారు తేల్చేశారు: ఎవరింటి ముగింపు వాళ్లింట్లో ఉంచుకోండి, బయటినుంచి ఎవరూ నిజం మోసుకురావద్దు. అప్పటినుంచి అదే కట్టుబాటు. బయటి ఊళ్లకి వెళ్లొచ్చినవాళ్లు నోరు మెదపరు. దొన్యా పూరా మేనల్లుడు ఎవేలియో ఒకసారి బరంకియా నుంచి సెలవులకి వచ్చినప్పుడు ఎవరో ఆశ చావక మెల్లిగా అడిగారు. “తరవాత ఏమీ లేదండీ, చీకటే,” అన్నాడు. ఎంత మర్యాదస్థుడు, ఎంత బాగా దాచాడు అని ఊరంతా మెచ్చుకుంది. దొన్యా పూరా వాడికోసం పందిమాంసం అన్నం వండించింది. నేనైతే పిల్లలకి వాణ్ణి ఉదాహరణగా చెప్పాను.

నికానోర్ మగాంగేలో పెళ్లి చేసుకున్నాడు. ఆవిడ పోయింది. ఆరేళ్ల క్రితం జుట్టు నెరిసి తిరిగొచ్చి ఇక్కడి నుంచి అవతలి గట్టు ప్లయోన్‌కి పడవ నడుపుతున్నాడు. నేను ప్రతి శుక్రవారం ప్లయోన్ బడికి పుస్తకాలు తీసుకెళ్తాను. పడవలో ఇరవై నిమిషాలు. నేను మాత్రం వంతెన మీదుగా బస్సులో వెళ్తాను, రెండు గంటలు, గతుకుల రోడ్డు, కోళ్లబుట్టల మధ్య. రేవు దారిలో అతను ఎదురైతే టోపీ ఎత్తుతాడు. నేను గొడుగు దించుకుంటాను. ఊరికంతా తెలుసు. ఎవరూ ఏమీ అనరు. నన్ను చూసినప్పుడు కుర్చీలు కొంచెం నదివైపు తిరుగుతాయి, అంతే.

గురువారం పొద్దున, ఊరంతా ప్రశ్నలు రాసి మట్టికుండలో వేసిన చీటీలన్నీ బల్ల మీద పోసుకుని ఏరాను. ఎవరి పేర్లూ రాయొద్దని చెప్పాను, సిగ్గుపడేవాళ్లు కూడా అడగాలని. ఎవరివో నాకు తెలియకుండా ఉంటుందా? మూడు చీటీల్లో దొన్యా పూరా. రాత మార్చింది, తిట్లు మార్చలేదు. ముగింపు గురించి దొంగచాటుగా అడిగినవి పదకొండు. ‘ఇదాలియా ఆ తర్వాత ఎప్పుడైనా ఆ గౌను ఉతికిందా?’ అని ఒకరు. ‘ఆ పడవకి ఆ రోజు ఎంత బరువు పడింది?’ అని ఇంకొకరు. తెలివితేటలకి కొదవ లేదు మా ఊళ్లో. పదకొండూ చింపేశాను.

పన్నెండోది చింపలేకపోయాను. కుడివైపుకి ఒరిగిన అక్షరాలు. రేవు దగ్గర సుద్దతో రాసిన పడవ వేళల్లో రోజూ కనిపించేవి ఆ అక్షరాలే.

‘రెండో కాలు పెట్టిందా?’

మడిచి జాకెట్లో దాచుకున్నాను.  నీ వయసేమిటి, నీ దొంగతనమేమిటి అని నన్ను నేనే తిట్టుకుని కొరోసో పళ్లు పిండడానికి వెళ్లాను.

మూడింటికి పడవ వచ్చింది. నికానోర్ చెయ్యందిస్తే దొన్ బెలిసారియో దిగాడు. సన్నటి ముసలాయన. చలి ప్రాంతం మనిషి, మా ఎండలో ఉన్ని కోటు. కాళ్లకి మూసిన బూట్లు. ఆయన్ని చూడగానే గట్టు మీద గుసగుస. “ఇంత పొట్టివాడా?” “ఈ మనిషేనా పాపం కథలో ఆ కవలల్ని చంపింది?” నేను కళ్లెర్రజేశాను. గుసగుస ఆగింది.

రేవు మైదానం నిండా ఊగుడు కుర్చీలు. ఎవరి కుర్చీ వాళ్లు మోసుకొచ్చారు. వెదురువి, టేకువి, ఒక చెయ్యి విరిగినవి, పెళ్లినాటివి. ఆయన్ని పాద్రీగారి కుర్చీలో కూర్చోబెట్టి రసం చేతికిచ్చాం. ఆయన ఒక గుక్క తాగి మెల్లిగా ఊగడం మొదలుపెట్టాడు. వెంటనే మైదానమంతా ఊగింది. మూడొందల కుర్చీలు ఒకే చప్పుడు. గాలి లేదు, కానీ ఆ ఊపుకే కొంచెం చల్లబడ్డట్టు అనిపించింది. నది మీద ఎండ పసుపురంగుకి తిరిగింది.

నేను పక్కన నిలబడి ఒక్కో చీటీ తీసి చదివాను.

“మూడో భాగంలో బామ్మ మంచం కింద పెట్టెలో ఏముంది?”

“పెట్టెలోనా?” ఆయన గుర్తుచేసుకున్నాడు. “ఏమీ లేదమ్మా. ఆ నటీమణికి మోకాళ్ల నొప్పులు. కాళ్లు పెట్టుకోవడానికి తెచ్చారు.”

మైదానం అంతటా నిట్టూర్పు. ఆ పెట్టెలో ప్రేమలేఖలున్నాయని మా ఊళ్లో ఇరవై ఒక్కేళ్ల నమ్మకం.

“హసింతో అన్న ఎందుకు తిరిగి రాలేదు?”

“హసింతోకి అన్న ఉన్నాడా?”

“ఉన్నాడండీ!” వెనక వరసలోంచి ఎవరో ఆగలేకపోయారు. “నలభయ్యో భాగంలో ఉప్పు కొనడానికి వెళ్లాడు. ఇప్పటికీ రాలేదు!”

ఆయన నుదురు పట్టుకున్నాడు. “క్షమించండి. మర్చిపోయాను. పాపం, అతను ఇంకా ఆ దుకాణంలోనే ఉండి ఉంటాడు.”

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆ తర్వాత వ్యవహారం తలకిందులైంది. ఆయన మర్చిపోయినవన్నీ మేము చెప్పాం. ఇదాలియా చిన్నప్పుడు ఏ రేవులో మునగబోయిందో, వానల భాగంలో చిలక ఏం పలికిందో, పెళ్లివిందులో చేప మాడిందన్న సంగతి. ఆయన కళ్లు సగం మూసుకుని, ఊగుతూ, ఎవరిదో కల తనకి చెబుతున్నట్టు విన్నాడు. మధ్యమధ్యలో “అలాగా? అదీ నేనే రాశానా?” అనేవాడు. ఒక్కోసారి మేము అనుకుని కలిపిన సంగతులు కూడా తనవే అని ఒప్పుకున్నాడు. అప్పటికి ఏది ఎవరిదో ఎవరికీ తెలియడం లేదు. నదిలో పచ్చటి తూటాకు గుంపులు గుంపులుగా పోతోంది, దాని మీద తెల్లకొంగలు నిలబడి ప్రయాణం చేస్తున్నాయి. ఆ సాయంత్రం అవి కూడా వినడానికి వచ్చాయనిపించింది నాకు.

దొన్యా పూరా మాత్రం మర్యాదగా ఒకటే ప్రశ్న అడిగింది. “అయ్యా, మీకు ఉత్తరాలు అందాయా?”

“ఇరవై ఒక్కటీ,” అన్నాడు ఆయన. “పెట్టెలో పెట్టుకున్నాను. నిజం పెట్టెలో.”

ఆవిడ విసనకర్ర ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ ఏడవడం నేను మొదటిసారి చూశాను. ముగ్గురు, కాదు, ఇద్దరున్నర మొగుళ్లు పోయినప్పుడు కూడా ఏడవని మనిషి.

ఐదున్నరకి కుండ ఖాళీ అయింది. నేను ముగింపు మాటలు చెప్పబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

“అందరి ప్రశ్నలూ చదివారు. మీదేదమ్మా?”

“నాది లేదండీ.”

“ఒక మనిషికి ఒకటి అని మీరే రాశారట. మీకూ ఒకటి ఉంటుంది కదా?”

కుర్చీలు ఊగుతూనే ఉన్నాయి. రేవు మెట్ల దగ్గర నికానోర్ నిలబడి ఉన్నాడు. టోపీ చేతిలో ఉంది. నా వైపు చూడటం లేదు, తన కాళ్లవైపు చూస్తున్నాడు. నాకు ఒక్కసారిగా విసుగు పుట్టింది. నామీదే. బస్సు మీద, కోళ్లబుట్టల మీద, గొడుగు మీద, ఎర్ర సిరా మీద. ఇరవై ఒక్కేళ్లు ఎవరో ఒక ఆడపిల్ల కాలు ఎక్కడ పెట్టిందో తెలియదని సాకు చెబుతూ బతికాను. ఇక తెలిసే పోనీ. తప్పు చేశానని తేలితే తేలనీ. జాకెట్లోంచి చీటీ తీశాను. చెమటకి మెత్తబడిపోయింది.

“ఇదాలియా రెండో కాలు పెట్టిందా?” అని చదివాను.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక చూడాలి.

“నియమం! నియమం!” అని రొట్టెలవాడు అరిచాడు. “సెన్యో, నువ్వా?” అని ఎవరో. “రాసింది నువ్వే, తప్పింది నువ్వే!” అంటూ దొన్యా పూరా రెండు చెవుల్లో రెండు వేళ్లు పెట్టుకుంది. ఆ తర్వాత మా ఊరు ఏం చెయ్యాలో అదే చేసింది. కిర్రుకిర్రుమని కుర్చీలు తిరిగాయి. ఒక వరస, ఇంకో వరస, మొత్తం మైదానం. మూడొందల వీపులు మావైపు, మూడొందల ముఖాలు నదివైపు. దొన్ బెలిసారియో ఆశ్చర్యంగా చూశాడు. తిరగనివాళ్లం ఇద్దరమే. నేనూ, రేవు మెట్ల మీద నికానోరూ.

ఆయన కుర్చీ ఆగుతుందేమోనని భయపడ్డాను. ఆగలేదు. ఇంకొంచెం మెల్లిగా ఊగింది.

“మీరు చూశారు కదమ్మా?” అన్నాడు.

“చూడలేదండీ. ఆవిడ ఒక కాలు పెట్టగానే మా ఊళ్లో కరెంటు పోయింది.”

“చీకటైందా?”

“అయింది.”

“నది చప్పుడు వినిపించిందా?”

“మాకు ఎప్పుడూ వినిపిస్తుందండీ. ఇదుగో, ఈ నదే.”

ఆయన ఎంతసేపో నవ్వాడు. వెటకారం లేని నవ్వు. “అయితే మొత్తం చూసేశారు. అదే ముగింపు. ఒక కాలు బల్ల మీద, ఒక కాలు గట్టు మీద. తర్వాత ఎనిమిది సెకన్ల చీకటి, నది చప్పుడు. ఆ పైన మా పేర్లు. ఆ చీకట్లోనే ఎక్కడో మీ కరెంటు పోయి ఉంటుంది. పోగొట్టుకున్నది మా పేర్లే.”

“మరి రెండో కాలు?”

“పెట్టించమని ఛానల్ వాళ్లు నాతో పోట్లాడారు. ఏం చేస్తుందో నాకు తెలిస్తేగా రాసేది? ఆరు నెలలు ఆ పిల్లతో ఉన్నాను, చివరిదాకా నాకు చెప్పలేదు.”

మైదానంలో ఒక్క కుర్చీ కూడా ఊగడం లేదు. నదివైపు తిరిగినవాళ్లు ఏమీ విననట్టే లెక్క గదా. కానీ మూడొందల వీపులూ బిగుసుకుపోయాయి. ముందుగా లేచింది ఎవేలియో. ఇప్పుడు నలభై దాటాయి వాడికి, బట్టతల.

“నేను చెప్పలేదూ?” అని గొంతు చించుకున్నాడు. “తరవాత ఏమీ లేదు, చీకటే అని అప్పుడే చెప్పలేదూ? ఒక్కరైనా నమ్మారా? పందిమాంసం పెట్టి నోరు మూయించారు!”

“నోర్ముయ్ రా, కట్టుబాటు పాటిస్తున్నావనుకున్నాం!” అంది దొన్యా పూరా, వేళ్లు చెవుల్లోనే ఉంచి. తర్వాత రచయిత వైపు తిరిగింది. “అయ్యా, ఇరవై ఒక్కేళ్లుగా ప్రతి రోజూ ఆ కరెంటు వాళ్లని తిడుతున్నాను. వాళ్లకి ఎవరు క్షమాపణ చెబుతారు? మీరా, నేనా?”

గోల లేచింది. ఎవరి ముగింపు నెగ్గిందని ఒకళ్లు, అందరిదీ నెగ్గిందని ఇంకొకళ్లు. నాకు ఆ గోల దూరం నుంచి వచ్చింది. నన్ను ఆపింది కరెంటు కాదు. ఇదాలియా ఎటూ చెప్పలేదు, చెప్పనని ముందే అనుకుంది. ఆ సాయంత్రం నికానోర్ నా చెవి దగ్గర అడిగినప్పుడు నోరు నాదే, కాళ్లు నావే. భయపడ్డాను. అంతే. ఇంత చిన్న మాట ఒప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఆరింటికి గుడి గంట మోగింది. అందరం ఆయన్ని సాగనంపడానికి రేవులోకి దిగాం. ఎండ పూర్తిగా వాలిపోయి, నీళ్లూ ఆకాశమూ ఒకే రంగులో ఉన్నాయి. పడవ ఎక్కడ ఆగి ఉందో, దాని నీడ ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. నికానోర్ గట్టుకి బల్ల వేసి, కదలకుండా తన పాదంతో తొక్కిపట్టాడు. దొన్ బెలిసారియో ఎక్కాడు. దొన్యా పూరా కట్టిచ్చిన కర్రపెండలం రొట్టెల మూట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

నికానోర్ బల్ల తియ్యలేదు.

నేను గట్టు అంచున నిలబడ్డాను. “వెళ్లొస్తారా దొన్ బెలిసారియో, మా వాళ్లు ఏమైనా తప్పుగా అడిగి ఉంటే...” అని మొదలుపెట్టాను.

“ఆ చీటీలో నేను అడిగింది ఆయన్ని కాదు, ఎర్మెలీనా,” అన్నాడు నికానోర్.

నా పేరు అతని నోట విని ఇరవై ఒక్కేళ్లయింది. ఆరేళ్లుగా టోపీ ఎత్తడమే గానీ పేరు పలకలేదు. అతను కళ్లెత్తి నన్నే చూస్తున్నాడు. పక్కకి చూడలేదు, నవ్వలేదు. బల్ల మీద పాదం మాత్రం గట్టిగా ఉంది.

గొడుగు కోసం చెయ్యి వెతికింది. గొడుగు కుర్చీ దగ్గరే వదిలేశాను. లంగా అంచు కొంచెం పైకెత్తి పట్టుకుని బల్ల మీద ఒక కాలు పెట్టాను. చెక్క తడిగా, చల్లగా ఉంది. కిందినుంచి నది మెల్లిగా కదలడం అరికాలికి తెలిసింది.  వెనక మూడొందల మంది ఉన్నారు. ఎవరూ నదివైపు తిరగలేదు. తిరగడానికి నది అందరికీ ఎదురుగానే ఉంది మరి.

అప్పుడు దొన్యా పూరా గొంతు రేవంతా మోగింది.

“ఒసేయ్, కరెంటు పోయేలోపు ఆ రెండో కాలు కూడా పెట్టవే!”

పెట్టాను.

గట్టు మీద లేచిన కేకలకి కొంగలన్నీ ఎగిరిపోయాయి.  నికానోర్ వంగి బల్ల లోపలికి లాక్కున్నాడు. మోటారు తాడు రెండుసార్లు తప్పి, మూడోసారికి సరిగ్గా లాగాడు. మోటారు అందుకుంది. గట్టు, కుర్చీలు, గుడి, దొన్యా పూరా విసనకర్ర, అన్నీ మెల్లిగా వెనక్కి జరిగాయి. ఈసారి నిజంగానే ఊరు జరిగింది.

నది మధ్యకి వచ్చాక దొన్ బెలిసారియో ఇంక ఉండబట్టలేకపోయాడు. నావైపు కొంచెం వంగి, పిల్లాడిలా గొంతు తగ్గించి అడిగాడు.

“తర్వాత ఏమవుతుందమ్మా?”

“రొట్టెల దుకాణం దగ్గర అట్ట చూడలేదా దొన్ బెలిసారియో?” అన్నాను. “ముగింపు అడక్కూడదు.”